మొండయ్య రెండో బాప్తిస్మం

రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఆదివారం నాడు మొండయ్య చేసిన పనికి సారపాక పక్కనున్న ఆ చిన్న రేకుల మందిరంలో గాలి కూడా ఆడలేదు. చేతికిచ్చిన చిన్న గ్లాసులోని ద్రాక్షరసాన్ని అందరిలా తాగలేదాయన. ముందు గ్లాసు వంచి నాలుగు చుక్కలు నేల మీద పోశాడు. "తల్లీ, చల్లగ చూడు. దిగినోళ్లం దిగినట్టె పైకి రావాలె" అని దండం పెట్టుకున్నాడు. మిగిలింది తాగి, మూతి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. పక్కనే ఉన్న భార్య నాంచారమ్మ కొంగు నెత్తి మీది నుంచి జారిపోయినా సర్దుకోలేదు.

అది సాక. బొగ్గుబావిలోకి దిగేముందు, బావి దగ్గరున్న అమ్మవారికి పనివాళ్లు పోసుకునే సాక. పడుచుతనంలో కొత్తగూడెం బావుల్లో పనిచేసేటప్పుడు మొండయ్య రోజూ పోసినవాడే. నెత్తిమీద కప్పు ఎప్పుడు కూలుతుందో తెలియని మనిషి ఏదో ఒక చేతిని పట్టుకుంటాడు, తప్పుపట్టడానికి మనమెవరం? కానీ అది ఎన్నటి మాట! పెళ్లయ్యాక భార్యాభర్తలిద్దరూ కిన్నెరసానిలో మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. అప్పట్నుంచి మొండయ్య డోలక్ పట్టాడంటే ముసలివాళ్లు కూడా చప్పట్లు కొట్టాల్సిందే. ప్రార్థన మొదలుపెట్టాడంటే ఇళ్లలో పొయ్యిమీది కూరలు మాడిపోవాల్సిందే. అంత పొడుగు ప్రార్థన.

రిటైరై ఇక్కడికొచ్చి ఇల్లు కట్టుకున్నాక మతిమరుపు జబ్బు పట్టుకుంది. ముందు నిన్నటి సంగతులు పోయాయి. తర్వాత కూతురు భవాని పేరు పోయింది. పాటలు పోయాయి, ప్రార్థన పోయింది, చివరికి నాంచారమ్మ మొహం కూడా పోయింది. ఖమ్మంలో పెద్ద దవాఖానాకు తీసుకెళ్తే, పోయింది తిరిగి రాదమ్మా, ఉన్నన్నాళ్లు బాగా చూసుకో అన్నారు. అన్నీ పోగా అడుగున మిగిలింది ఇదిగో, ఈ సాక.

ఆరాధన అయ్యాక చెప్పులు విడిచే చోట కుమారస్వామి ఆమెను ఆపాడు. మొండయ్యతో ఒకే బావిలో పనిచేసినవాడు, వరసకు తమ్ముడయ్యేవాడు, ఇప్పుడు సంఘపెద్ద.

"వదినె, కోపం చేసుకోకు. గిట్లయితే అన్నకు బల్ల ఎట్ల ఇస్తం? నలుగురు ఏమంటరు? అన్న విశ్వాసంల నుంచి జారిపోయిండు. మల్ల మొదటి నుంచి రావాలె, మల్ల మునగాలె. గప్పుడే బల్ల."

నాంచారమ్మకు కోపం ముక్కు మీదుంటుంది. నీ నోట్ల మన్నువడ అనబోయింది. మందిరం గుమ్మం కదా అని మింగేసింది. తిట్టయితే మింగింది గానీ, జారిపోయిండు అన్న మాట ఆమెతో పాటు ఇంటికొచ్చి, అన్నం దగ్గరా కూర్చుంది, పడక దగ్గరా కూర్చుంది.

సంగతి తెలిసి మర్నాడు పాస్టరు ప్రేమ్‌సాగర్ ఇంటికొచ్చాడు. కుర్రవాడు, నెమ్మదస్తుడు.

"బాప్తిస్మం ఒక్కసారేనమ్మా, రెండోసారి ఇయ్యను" అన్నాడు. "తాత దేవుణ్ణి పట్టుకున్నది నిజమే. కానీ దేవుడు తాతను అంతకంటే గట్టిగ పట్టుకున్నడు. మన పట్టు సడలుతది, ఆయన పట్టు సడలదు. తన బిడ్డ అనుకున్నోణ్ణి చివరిదాక నిలబెట్టేది ఆయనే."

"గంత గట్టిగ పట్టుకుంటే మరి సాకెందుకు పోసిండయ్యగారూ?"

"అది జబ్బమ్మా."

"జబ్బు తలకాయకేనా, గుండెకు గూడ అంటదా? లోపల ఏమున్నదో నీకు ఎరికేనా?"

"నాకు తెల్వదమ్మా. ఆయనకు తెలుసు" అన్నాడు పాస్టరు.

"ఆయనకు తెలిస్తే నాకేమొచ్చె? నాకు తెల్వాలె గద!" అంది నాంచారమ్మ. అని, టీ పెట్టడం కూడా మరిచిపోయి లోపలికెళ్లి గోడకానుకుని ఏడ్చింది.

ఆమె గుబులు బల్ల గురించి కాదు. నలుగురి గురించి అంతకన్నా కాదు. నలుగురు ఆమెకు భయపడతారు గానీ ఆమె నలుగురికి భయపడదు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో మొండయ్య సాయంత్రం పూట మంచం వాకిట్లో వేసుకుని ఒకటే మాట అనేవాడు. "నాంచారీ, పరలోకం పోయినంక గూడ నువ్వు నా పక్కకే కూసోవాలె." దానికామె, "అక్కడ గూడ నీకు వండిపెట్టుడేనా? నేను దూరం పోయి కూసుంట" అని మూతి తిప్పేది. తిప్పేది గానీ, ఆ మాట మళ్లీ ఎప్పుడంటాడా అని సాయంత్రాల కోసం కాచుకునేది. ఇప్పుడు ఆ మాట లేదు, నాంచారీ అన్న పిలుపూ లేదు. ఎవరమ్మా నువ్వు అంటాడు, ఇంటికొచ్చిన మనిషిని అడిగినట్టు. ఇక్కడ ఎట్లాగూ పోగొట్టుకుంది. అక్కడ కూడా దొరకడేమో, తాను వెళ్లి కూర్చుంటే పక్క చోటు ఖాళీగా ఉంటుందేమో అన్నదే ఆమె భయం.

అందుకని నాంచారమ్మ ఒక నిర్ణయానికొచ్చింది. పాస్టరు ముంచకపోతే తానే ముంచుతుంది. భర్తకు భార్య బాప్తిస్మం ఇవ్వడం ఎక్కడైనా ఉందా అని అడక్కండి. ఆమెను అడిగే ధైర్యం ఎవరికుంది గనక?

ఒకనాడు పొద్దెక్కాక మొండయ్యకు తెల్లపంచె, తెల్లచొక్కా తొడిగింది. అలవాటున్న ఆటో లాలుదే. పిలిపించి, గోదారికి పోనీరా అంది.

"టైమైందా? ఫస్ట్ షిఫ్టేనా?" అన్నాడు మొండయ్య ఆటోలో కూర్చుని, ఉత్సాహంగా. తల తడుముకుని, "నా లైటేది?" అన్నాడు.

"అక్కడిస్తరు, పా" అంది నాంచారమ్మ.

గోదారి తగ్గి ఇసుక తిన్నెలు బయటపడి ఉన్నాయి. లాలును ఒడ్డున ఉండమని, భర్త చెయ్యి పట్టుకుని ఆమె నీళ్లలోకి దిగింది. మోకాళ్ల దాకా బుద్ధిగానే వచ్చాడు. నడుముల దాకా కూడా వచ్చాడు. పాస్టర్లు చెప్పే మాటలు ఆమెకు కంఠతా వచ్చు. కళ్లు మూసుకుని తండ్రి పేర, కుమారుడి పేర అని మొదలుపెట్టి, ఒక చేతి మీద ఆయన వీపు ఆనించి, రెండో చెయ్యి నెత్తిన పెట్టి వెనక్కి వంచింది.

చెవుల్లో నీళ్లు పోయాయో లేదో, మొండయ్య కేక పెట్టాడు. "నీళ్లొచ్చినయ్! బాయిల నీళ్లొచ్చినయ్! ఉర్కుర్రి!"

ఆయనకది గోదారి కాదు. ఎప్పుడో చీకట్లో గోడ తెగి నీళ్లు ముంచుకొచ్చిన గని. వెర్రెత్తినట్టు గింజుకున్నాడు. గింజుకుని ఒడ్డుకు కాదు, లోతుకు పరిగెత్తబోయాడు. కాలి కింద ఇసుక జారింది. నాంచారమ్మ ఎగిరి ఆయన మణికట్టు పట్టుకుంది.

"వదులు! ఎవతివే నువ్వు? నన్ను సంపుతున్నవు, వదులు!" అని రెండో చేత్తో చెంప మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ముసలి చెయ్యే గానీ గనిలో బొగ్గెత్తే తట్టాచెమ్మాసు పట్టిన చెయ్యి, ఆమెకు కళ్లు బైర్లు కమ్మాయి. గాజులు పగిలి చేతికి గుచ్చుకున్నాయి. నోట్లోకి నీళ్లు పోయాయి. అరిచింది, ఏడ్చింది, దేవుణ్ణి పిలిచింది, మొగుణ్ణి తిట్టింది. చెయ్యి మాత్రం వదల్లేదు. లాలు ఉరికొచ్చి ఇద్దర్నీ ఇసుక మీదికి లాగి పడేశాడు. ఒడ్డుకొచ్చాక కూడా ఆమె వేళ్లు విడిపోలేదు. లాలే ఒక్కొక్క వేలూ విడదీయాల్సి వచ్చింది.

"నీకు పిచ్చిగిట్ల లేసిందా అవ్వా? గంతగనం కొడ్తుంటే ఎందుకు వదల్లే? నువ్వు గూడ కొట్టుకపోదువు!" అన్నాడు లాలు రొప్పుతూ.

"వదిలితే పోతడు గదరా!" అని కసిరింది నాంచారమ్మ. "నన్ను పట్టుకునే తెలివి ఆయనకేడున్నది?"

కసిరాక, తన మాట తనకే వినబడింది. ఆ నీళ్లలో ఉన్నంతసేపూ మొండయ్య ఆమెను పట్టుకోనేలేదు. కొట్టాడు, తిట్టాడు, ఎవతివే అన్నాడు, విడిపించుకుని చావబోయాడు. అయినా ఒడ్డున ఉన్నాడు. దేవుడి పట్టు సడలదని ఇంట్లో కూర్చుని పాస్టరు చెప్పినప్పుడు అది మాటే. ఇప్పుడది ఆమె చేతి నరాల్లో సలుపుతోంది.

తడిచీరతో ఇసుకలో చతికిలబడి నాంచారమ్మ ఆకాశంకేసి చూసింది. "నేనే వదల్లే. నువ్వు వదుల్తవా?" అంది పైకే. అడిగినట్టు లేదు, దబాయించినట్టు ఉంది. అని, లాలు చూస్తున్నాడన్న సిగ్గు కూడా లేకుండా భోరుమని ఏడ్చింది. చాలా రోజుల తర్వాత అది భయంతో వచ్చిన ఏడుపు కాదు.

ఈ సంగతి దాగుతుందా? సాయంత్రానికల్లా కుమారస్వామి గుమ్మంలో ఉన్నాడు.

"వదినె, గోదాట్ల ముంచినవట గద?"

"ముంచలే. మునిగినోణ్ణి మల్ల ముంచుడేంది?"

"మరి బల్ల..."

"సామీ, ఇటు కూసో" అంది నాంచారమ్మ. చెంప వాచి ఉంది, మాట మాత్రం సూటిగా ఉంది. "మీ అన్న నన్ను మర్చిపోయిండు. నా పేరు అడుగు, చెప్పడు. ఇయ్యాల నన్ను కొట్టిండు గూడ. గిప్పుడు నువ్వు చెప్పు. నేను ఈయన పెండ్లాన్నా, కాదా?"

"గదేం మాట వదినె, కాకుండెట్ల పోతవ్?"

"మాకు మల్ల పెండ్లి చేస్తవా మరి, మొదటి నుంచి?"

కుమారస్వామి మూలన మంచం మీద కూర్చున్న మొండయ్య వైపు చాలాసేపు చూశాడు. కండువాతో ముక్కు తుడుచుకుని లేచాడు. "వచ్చే బల్లనాడు నా చేత్తోనే ఇస్త. అన్న మల్ల కింద పోస్తే పోయనీ, నేనే తుడుస్త" అన్నాడు. నాంచారమ్మ ఆయనకు టీ పెట్టి ఇచ్చింది.

ఆయన వెళ్లాక పప్పన్నం కలిపి భర్త ముందు కూర్చుంది. భయం పోయింది, నిజమే. అక్కడ పక్క చోటు ఖాళీగా ఉండదన్న నమ్మకం వచ్చింది. కానీ నమ్మకం వచ్చినంత మాత్రాన బెంగ తీరుతుందా? ఒక్కసారి, ఒకే ఒక్కసారి నాంచారీ అంటే చాలునని ఆమె ప్రాణం కొట్టుకుంటూనే ఉంది.

మొండయ్య ముద్ద నోట్లో పెట్టనివ్వలేదు. గుమ్మం వైపే చూస్తున్నాడు.

"మా నాంచారి ఇంకా రాలే" అన్నాడు దిగులుగా.

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎవరు?" అంది.

"మా నాంచారి. నా పెండ్లాం. కోపం జాస్తి గానీ మంచిది. నేను తినకపోతే తినది. ఏడికి పోయిందో ఏమో, పొద్దువోయింది."

"వస్తది. నువ్వు తిను."

ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. వాచిన చెంపను చూశాడు, ఎవరు కొట్టారమ్మా అన్నట్టు జాలిగా. తర్వాత చిన్నపిల్లవాడిలా ఆమె చీరకొంగు పట్టుకున్నాడు.

"ఆమె వచ్చేదాక నువ్వు పోకు" అన్నాడు.

"పోను" అంది నాంచారమ్మ.