క్షమించకుండా వెళ్ళిపోయిన కార్యదర్శి గారు

మా కార్యదర్శి గారు పోయారని నాకు ముందుగా చెప్పింది టెంట్‌హౌస్ ఆయన. అమలాపురంలో మా హస్తకళాకారుల సంఘం ఏ సభ పెట్టినా కుర్చీలు, షామియానాలు ఆయనవే. పొద్దున్నే ఫోన్ చేసి, "అమ్మగారు వెళ్ళిపోయేరండి. ఇంటి ముందు టెంట్ వెయ్యడానికి వచ్చేను. మీకో మాట చెప్పకుండా గుంజ పాతబుద్ధి కాలేదండి" అన్నారు.

నేను బయల్దేరేలోగానే రెండో ఫోన్ వచ్చింది. సంఘం అధ్యక్షులు గారు. ఆయన కళాకారుడు కాదు, కొబ్బరిపీచు వ్యాపారి. సంఘానికి పెద్ద దిక్కుగా ఉంటారని ఎప్పుడో ఆ కుర్చీలో కూర్చోబెట్టాం, ఇంక లేవలేదు. వచ్చే ఆదివారం ఫంక్షన్ హాల్లో సంతాప సభ పెడదామని, అధ్యక్షత తానే వహిస్తానని, విలేకరులకు కూడా తానే కబురు పెడతానని, ఏర్పాట్లు మాత్రం నన్ను చూసుకోమని చెప్పారు. అప్పటికి ఆవిడ ఇంకా ఇంట్లోనే ఉన్నారు, చావిట్లో, చాప మీద.

"ఆయ్, అలాగేనండి" అన్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. ఈ నాలుగు మాటలూ ఆ కోపంలోంచే రాస్తున్నాను. చదివేవాళ్ళకి ఇది నివాళిలా కనిపించకపోవచ్చు గానీ ఆవిడైతే అర్థం చేసుకుంటారు.

కార్యదర్శి గారిది కొబ్బరి చిప్పల పని. ఎండిన చిప్పని రాకి, నునుపు చేసి, గరిటెలు, దీపపు కుందులు, చిన్న చిన్న వినాయకులు చేసేవారు. ఆ పనిలో ఎంత పేరున్నా, మా జిల్లా కళాకారులందరికీ ఆవిడ తెలిసింది సభల వల్లే. ఏటా ఒక పెద్ద సమ్మేళనం, మధ్యలో రెండు మూడు ప్రదర్శనలు, శిక్షణ తరగతులు, అన్నీ ఆవిడ చేతి మీదుగానే జరిగేవి. లేసు అల్లేవాళ్ళు, తాటాకు బుట్టలవాళ్ళు, నేతవాళ్ళు, కొయ్యబొమ్మలవాళ్ళు, లంకల్లోంచి పంటు మీద గోదావరి దాటి వచ్చేవాళ్ళు అందరికీ ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో ముందే ఫోన్ చేసి చెప్పేవారు. వంట దగ్గర పులిహోర రుచి చూడందే వడ్డన మొదలుపెట్టనిచ్చేవారు కాదు. ఉపన్యాసం పొడుగైపోతుంటే, మాట్లాడేవారి ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టి, అక్కడే నవ్వుతూ నిలబడిపోయేవారు. ఎంతటివారైనా ఆ నీళ్ళు తాగి దిగిపోవాల్సిందే.

నాకు లేసు అల్లిక తప్ప ఏమీ రాని రోజుల్లో నన్ను చెయ్యి పట్టుకుని సంఘంలోకి తెచ్చి సహాయ కార్యదర్శిని చేశారు. మొదటి సభకి నేను హడావిడిగా పూలదండలు చూసుకుంటుంటే వెనక నుంచి వచ్చి, "ముందు కుర్చీలు చూడమ్మా, దండల సంగతి తర్వాత" అన్నారు. హాలంతా తిరిగి, ఒక్కో కుర్చీలో కూర్చుని లేచేవారు. కాలు విరిగింది ఉంటే తీయించేసేవారు. "మన వాళ్ళు ఏడాదంతా నేల మీద కూర్చుని పని చేసుకునేవాళ్ళు. ఈ ఒక్కరోజు నడుం ఆన్చుకోవాలి కదా" అనేవారు.

ఆ కుర్చీల దగ్గరే మొదలైంది గొడవ.

కొన్నేళ్ళ కిందటి సమ్మేళనానికి అధ్యక్షులు గారు ఒక పెద్ద నాయకుణ్ణి ముఖ్య అతిథిగా పిలిచారు. రాజోలు వైపు నుంచి తాటాకు బుట్టలల్లే ఒక మామ్మగారు వచ్చారు. ఆ ఏడు సన్మానం ఆవిడకే. మోకాళ్ళ నొప్పులు, కళ్ళు సరిగా కనపడవు, అయినా జరీ అంచు చీర కట్టుకుని వచ్చారు. కార్యదర్శి గారు ఆవిణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టారు. అతిథి దిగాక, అధ్యక్షులు గారు వరసంతా చూసుకుంటూ వచ్చి, మామ్మగారిని లేవమని, ఆ కుర్చీలో అతిథిగారి గన్‌మన్‌ని కూర్చోబెట్టారు. ఆ గన్‌మన్ మొహమాటపడి వద్దంటున్నా భుజం పట్టి కూర్చోబెట్టారు. మామ్మగారు కాసేపు గోడ పట్టుకుని నిలబడి, నిలబడలేక గుమ్మం దగ్గర చెప్పులు పక్కకి జరిపి అక్కడ కూలబడ్డారు.

సన్మానాల వేళకి మామ్మగారి పేరు చివరికి వెళ్ళిపోయింది. అతిథిగారి వెంట వచ్చిన వాళ్ళందరికీ కప్పేసరికి శాలువాలు అయిపోయాయి. ఆవిడ పేరు చదివేసరికి అతిథి కారెక్కేశారు. మామ్మగారు వేదిక దాకా వచ్చి, ఒట్టి దణ్ణం పెట్టించుకుని దిగిపోయారు. "పోన్లే అమ్మా, ఈ ఉక్కలో శాలువా ఏం చేసుకుంటాను" అన్నారు మాతో.

కార్యదర్శి గారు మైకు తీసుకుని వందన సమర్పణ చేశారు. వంటవాళ్ళకి, మైకువాళ్ళకి, టెంట్‌హౌస్‌కి, చివరగా అధ్యక్షులు గారికి పేరు పేరునా కృతజ్ఞతలు చెప్పారు. అందరూ వెళ్ళాక, కాలవ గట్టు వెంట నడుస్తూ నాతో అన్నారు.

"దీనికి బదులు తీర్చుకోవాలమ్మా."

అంతటి మెత్తటి మనిషి నోట ఆ మాట వినేసరికి నాకు భయం వేసింది. అప్పుడే అక్కడే నాలుగు కడిగేస్తే సరిపోయేది కదా అక్కగారూ అన్నాను.

"మన సభ మనం పాడు చేసుకుంటామా? పగ కూడా పెళ్ళి వంట లాంటిదే. మంట ఎక్కువ పెడితే మాడిపోతుంది" అన్నారు.

ఏడాది గడిచింది. అధ్యక్షులు గారికి పైన ఏదో పదవి మీద ఆశ పుట్టింది. అందుకోసం ఆ ఏటి సమ్మేళనం ఘనంగా జరగాలన్నారు. పై ఊళ్ళ నుంచి అధికారులు వస్తారన్నారు. ఏది చెప్పినా కార్యదర్శి గారు ఆయ్, అలాగేనండి అన్నారు. ఒకరోజు నన్ను తోడు తీసుకుని రాజోలు వైపు మామ్మగారింటికి బయల్దేరారు.

మామ్మగారు రానన్నారు. ఒకసారి వచ్చింది చాలన్నారు. కార్యదర్శి గారు బతిమాలలేదు. అరుగు మీద ఆవిడ పక్కన కూర్చుని, తాటాకు చేతిలోకి తీసుకుని ఈనెలు తీస్తూ ఉండిపోయారు. మధ్యాహ్నమంతా ఇద్దరూ వానల గురించి, కొబ్బరికి పట్టిన తెగులు గురించి మాట్లాడుకున్నారు. పొద్దు వాలుతుంటే మామ్మగారే అన్నారు, "వస్తానమ్మాయ్. కుర్చీ మాత్రం వెయ్యకు. నాకో పీట వెయ్యి చాలు."

సభ రోజున తెర తీసేసరికి వేదిక మీద ఒక్క కుర్చీ లేదు. కళాకారులందరూ తమ తమ పనిముట్లతో పని చేసుకుంటూ కూర్చున్నారు. మధ్యలో పీట మీద మామ్మగారు బుట్ట అల్లుతున్నారు. అధికారులందరినీ కార్యదర్శి గారు పన్నీరు చల్లి, ఎంతో మర్యాదగా కింద వరసలో కూర్చోబెట్టారు. అధ్యక్షులు గారు తన కుర్చీ ఎక్కడా అని కళ్ళతోనే అడిగారు. ఆవిడ నవ్వుతూ మైకులో ఆయన్ని వేదిక మీదికి పిలిచి, మామ్మగారికి శాలువా కప్పమన్నారు.

పీట మీద ఉన్న మనిషికి నిలబడి శాలువా కప్పడం కుదరదు. ఇస్త్రీ మడత నలక్కుండా ముందు నడుం వంచి చూశారాయన. అందలేదు. చివరికి, అందరూ చూస్తుండగా, రెండు మోకాళ్ళూ నేలకి ఆన్చారు. మామ్మగారు అల్లిక ఆపలేదు. తల కొంచెం వంచారంతే. హాలంతా చప్పట్లు. నేను కార్యదర్శి గారి వంక చూశాను. ఆవిడ చప్పట్లు కొట్టలేదు. వంట దింపే వేళ సరిగ్గా చూసుకున్న మనిషిలా ఊపిరి తీసుకున్నారు.

పాఠకులారా, ఇక్కడితో అయిపోతే బాగుండేది. మర్నాడు పేపర్లో ఆ ఫోటో వచ్చింది. వృద్ధ కళాకారిణి ముందు మోకరిల్లిన అధ్యక్షుడి వినయాన్ని మెచ్చుకుంటూ రాశారు. ఆ ఫోటోని ఆయన ఫ్లెక్సీ వేయించి గడియార స్తంభం దగ్గర కట్టించారు. కొన్నాళ్ళకి ఆ పదవి కూడా వచ్చింది. ఆ ఫ్లెక్సీ కింద నుంచి నడిచి వెళ్తూ కార్యదర్శి గారు ఆగి, తలెత్తి చూశారు.

"వాడి మోకాలు కూడా వాడికే కలిసొచ్చిందే" అన్నారు. ఆవిడ ఒకరిని వాడు అనడం నేను వినడం అదే మొదలు.

తనని వంచింది ఎవరో ఆయనకి మాత్రం తెలుసు. ఆ తర్వాతి సర్వసభ్య సమావేశంలో, వయసు మీద పడింది కాబట్టి ఆవిడకి విశ్రాంతి కావాలని ఎంతో గౌరవంగా చెప్పి, గౌరవ సలహాదారుని చేశారు. ఆ సలహా ఎవరూ అడగలేదు. ఆయనతో వ్యాపారం ఉన్నవాళ్ళు తలలు దించుకున్నారు. తర్వాతి సమ్మేళనానికి ఆవిడ మామూలు సభ్యురాలిలాగే వచ్చారు. అలవాటు పోక, ఒక్కో కుర్చీలోనూ కూర్చుని లేస్తూ వస్తుంటే, కొత్తగా పెట్టిన మనిషెవరో వచ్చి, పెద్దావిడగారూ ఒకచోట కుదురుగా కూర్చోండి అన్నాడు. ఆవిడ కూర్చున్నారు. మళ్ళీ సభలకి రాలేదు.

చివరి రోజుల్లో ఆస్పత్రిలో ఆవిడ చెయ్యి నా చేతిలో ఉండగా అడిగాను, ఇంక ఆయన్ని క్షమించేశారా అక్కగారూ అని. మనసు తేలికపడుతుందని నా ఉద్దేశం.

"లేదమ్మా" అన్నారు. "నేను క్షమించేసి పోతే వాడికి తేలికైపోతుంది."

అందుకే ఆ రోజు ఫోన్లో ఆయ్, అలాగేనండి అన్నాను. సంతాప సభ ఏర్పాట్లన్నీ ఆవిడ నేర్పినట్టే చేశాను. వేదిక మీద ఆవిడ పటం, పక్కన అధ్యక్షులు గారికి ఒకే ఒక్క కుర్చీ. మాట్లాడేవాళ్ళంతా కింద నుంచే మాట్లాడతారని చెప్పాను. వేదికంతా తనదేనని ఆయన సంతోషించారు. నేను మా కళాకారులకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఆవిడ గురించి జరిగింది జరిగినట్టు చెప్పండి, ఒక్క మాట కూడా ఎక్కువ అనకండి అని చెప్పాను. ఆయనతో వ్యాపారం ఉన్నవాళ్ళకి కూడా చేశాను. వస్తారో రారో నాకు తెలియదు. అందరూ వచ్చారు.

మొదట మామ్మగారు లేచారు. మనవరాలు మైకు పట్టుకుంది.

"నేను మాట్లాడ్డం రాని దాన్నండి. ఈవిడ మా ఇంటికొచ్చి నాతోపాటు తాటాకు చీల్చేరండి. ఎందుకొచ్చేరంటే, ఒకసారి ఈ హాల్లోనే నన్ను కుర్చీలోంచి లేపి తుపాకీ ఆయన్ని కూర్చోబెట్టేరు. లేపిన బాబు అదిగో, అక్కడే ఉన్నారు. నేను మర్చిపోయేనండి. ఈవిడ మర్చిపోలేదు. నా తరఫున అంత కోపం పెట్టుకున్న మనిషి నాకు ఇంకెవరూ లేరండి."

తర్వాత నేతాయన, కొయ్యబొమ్మలాయన, లేసు అల్లే ఆడవాళ్ళు, టెంట్‌హౌస్ ఆయన కూడా లేచి మాట్లాడారు. శాలువాలు ఎవరికి వెళ్ళాయో ఒకరు, ఆవిణ్ణి సలహాదారుని చేసిన రోజు తాను ఎందుకు తల దించుకున్నాడో ఇంకొకరు చెప్పారు. ఒక్కరూ గొంతు పెంచలేదు. ప్రతివాళ్ళూ చివర అధ్యక్షులు గారికి నమస్కారం పెట్టి కూర్చున్నారు. ఆయన పిలిపించిన విలేకరులు రాసుకుంటూనే ఉన్నారు. సంతాప సభకి అధ్యక్షత వహించే మనిషి మధ్యలో లేచి వెళ్ళిపోలేడు. అందరం ఆయన మొహం చూస్తూ కూర్చున్నాం. ఆ చూడడంలో నాకు కలిగిన సుఖం దాచుకోను.

చివరికి అధ్యక్షోపన్యాసం. ఆయన లేచి, జేబులోంచి కాగితం తీసి, మళ్ళీ మడిచేశారు. "ఆవిడ... ఆవిడ చాలా..." అని ఆగిపోయారు. నేను వెళ్ళి ఆయన ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టి అక్కడే నిలబడ్డాను. తాగి కూర్చున్నారు. భోజనానికి ఆగలేదు. నెల తిరక్కుండా, ఆరోగ్యం బాగాలేదని, అధ్యక్ష పదవి వదులుకుంటున్నానని కబురు పంపారు. ఆరోగ్యం ముఖ్యం కదండీ అని అందరం ఒప్పుకున్నాం. పైన పదవి మాత్రం ఆయనకింకా ఉంది. అది మా చేతిలో లేదు.

ఆవిడ మాత్రం తిరిగిరారు. ఈ మాట రాయడానికి ఇంతసేపు పట్టింది.

సభ అయ్యాక మామ్మగారు కార్యదర్శి గారి ఇల్లు ఒకసారి చూస్తానంటే తీసుకెళ్ళాను. కార్యదర్శి గారి కూతురు తలుపు తీసి, పెరటి వసారా తుడవడానికి చేతులు రావడం లేదంది. చిప్పలు రాకిన పొడి అక్కడంతా పల్చగా, గోధుమరంగులో పరుచుకుని ఉంది. గోడవారన, ఆవిడ రోజూ కూర్చుని పని చేసుకునే చోట మాత్రం పొడి లేదు. మనిషి మఠం వేసుకున్నంత మేర, నున్నటి నల్లటి గచ్చు. వీధి తలుపు తెరిచి ఉండడంతో కాలవ మీది గాలి లోపలికి కొట్టి, పొడి కొంచెం కొంచెంగా ఆ నలుపు అంచుల మీదికి జరగడం మొదలుపెట్టింది. మామ్మగారు గోడ పట్టుకుంటూ వెళ్ళి తలుపు మూసేశారు.