నాగేశ్వరి రాసిన మాణిక్యం మెస్సు

పెళ్ళికి ముందూ తరవాతా కూడా నాగేశ్వరి విజయవాడ గవర్నరుపేటలో ఒక డీటీపీ సెంటరులో పని చేసింది. ఎవరెవరో చేత్తో రాసి తెచ్చిన నవలల్ని పేజ్‌మేకర్‌లో కూర్చి అచ్చుకు పంపేది. సెంటరు మూతపడిన రోజు యజమాని ఈశ్వరయ్య, "నీ చేతికి అలవాటైన మిషను తల్లీ, నువ్వే తీసుకుపో" అని ఆమె కంప్యూటరు ఆమెకే ఇచ్చేశాడు. భర్త భీమేశ్వరరావుకి హైదరాబాదు బదిలీ అయినప్పుడు బీరువాతోపాటు అదీ లారీ ఎక్కి మణికొండ ఫ్లాటుకి వచ్చింది.

యాభై దాటాక ఆమెకి తనూ ఒక నవల రాయాలన్న కోరిక పట్టుకుంది. బస్టాండు పక్కన కుర్రాళ్ళకి మెస్సు నడిపే మాణిక్యం కథ. మాణిక్యానికి నోరు జాస్తి. పప్పు పలచగా ఉందని ఎవరైనా అంటే, "అయితే గ్లాసులో పోసుకు తాగు, దాహమన్నా తీరుతుంది" అనే రకం.

మొదట ఫోనులో రాయబోతే సాగలేదు. 'అమ్మ' అని రాయాలన్నా ముందు ఇంగ్లిషు అక్షరాలు వెతుక్కోవాలి. ఈలోగా మాణిక్యం విసుగెత్తి లోపలికి వెళ్ళిపోయేది. పాత మిషను ముందు కూర్చుంటే మాత్రం, కీల మీద గుర్తులు అరిగిపోయినా, వేళ్ళు వాటంతటవే నడిచేవి. అది తెరుచుకునేలోపు కుక్కరు పెట్టి రావచ్చు. "ఈ పెట్టె ఎందుకే, కొత్తది కొనుక్కోరాదూ" అని భీమేశ్వరరావు సణిగేవాడు గానీ, దాని వెనక దుమ్ము తుడిచేది ఆయనే.

సగానికి పైగా అయ్యాక ఆ భాగం సీడీలో వేసుకుని మాదాపూర్‌లో ఈ-పుస్తకాలు వేసే ఒక సంస్థకి వెళ్ళింది. ఎడిటరు రసజ్ఞ అనే అమ్మాయి ఫైలు తెరిచి బిత్తరపోయింది.

"ఆంటీ, తెలుగు రావట్లేదండి. అన్నీ బ్రాకెట్లూ డాలర్ గుర్తులే."

"పాత ఫాంటమ్మా. కొత్త మిషన్లకి అర్థం కాదు."

రసజ్ఞ ఏదో కన్వర్టరు వెతికి మార్చింది. వత్తులు సగం ఊడిపోయినా చదివింది, చదువుతూ పైకి నవ్వింది. "మిగతాది కూడా ఇచ్చేయండి ఆంటీ, వేసేద్దాం" అంది. ఆ మాటకి నాగేశ్వరి ఆటో ఎక్కకుండా మెట్రో స్టేషను దాకా నడిచింది, ఎండ కూడా తెలియలేదు.

ఆ ఊపులో మిగతాది పూర్తి చేసింది. రోడ్డు వెడల్పులో మాణిక్యం మెస్సు కొట్టేస్తారు, అక్కడ ముగుస్తుంది. కాపీ తీద్దామని కూర్చున్న ఉదయం, కంప్యూటరు లోపల ఏదో టకటకమని కొట్టుకుని తెర నల్లబడింది.

మొగుడూ పెళ్ళాం దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో శేరిలింగంపల్లి వెళ్ళారు. పాత కంప్యూటర్లు బాగుచేసే శ్రీను విప్పి చూసి, మళ్ళీ మూత పెట్టేశాడు.

"ఏమనుకోకక్కా. డిస్కు లోపల గీసుకపోయింది. ఇగ ఇది లేవదు."

"అందులో నా నవల చివరి భాగం ఉంది బాబూ."

"ఇంకో కాపీ లేదా?"

"ఇవాళే తీద్దామనుకున్నాను."

శ్రీను ఫోనులో ఏదో నంబరు వెతికాడు. "తెలిసినోళ్ళ ల్యాబు ఉంది, జర ట్రై చేపిస్త. కానీ ఆశ పెట్టుకోకు" అన్నాడు. ల్యాబువాళ్ళు చూశారు. ఏమీ రాలేదు.

సంగతి విని రసజ్ఞ నిజంగానే బాధపడింది. "మిగతా కథ మీకు తెలుసు కదా ఆంటీ. చెప్పండి, ఏఐతో రాయిద్దాం, తరవాత మీరు దిద్దుకోవచ్చు" అంది. నాగేశ్వరి చెప్పింది. కాఫీ చల్లారకముందే అధ్యాయాలు తయారయ్యాయి. అందులో మాణిక్యం కూలిన గోడల ముందు నిలబడి, జీవితం మనకెన్నో పాఠాలు నేర్పుతుందని అంటోంది.

"మాణిక్యం ఇలా అనదమ్మా."

"మరి ఏమంటుందండీ?"

నాగేశ్వరి చెప్పబోయి ఆగిపోయింది. అక్కడ ఒక మాట రాసింది. రాసినరోజు వంటింట్లోకి వెళ్ళి ఒక్కతే నవ్వుకుంది కూడా. ఆ మాట గుర్తు రాలేదు.

ఆ అమ్మాయి అంతటితో వదల్లేదు. పాత కీబోర్డు వరసలోనే కొత్త తెలుగు అక్షరాలు పడేలా ల్యాప్‌టాప్ సిద్ధం చేసి ఇంటికి పంపింది. నాగేశ్వరి 'మాణిక్యం' అని కొట్టింది. వేళ్ళు తడబడలేదు, అక్షరాలు చక్కగా పడ్డాయి. తరవాత చెయ్యి ఆగింది. మర్నాడూ అంతే. గోడలు కూలుతున్నాయని రాసేది, చెరిపేసేది. మాణిక్యం నోరు విప్పలేదు. మిషను లేదనే సాకు కూడా ఇక మిగల్లేదు.

"పోనీ ముగింపు మార్చి రాయరాదూ?" అన్నాడు భీమేశ్వరరావు ఒకరోజు.

"ముగింపు తెలుసండీ. ఆవిడే రావట్లేదు."

కొన్నాళ్ళకి రసజ్ఞ ఆఫీసులోనే నాగేశ్వరికి పని దొరికింది. పాత రచయితల ఫైళ్ళు మార్చినప్పుడు ఊడిపోయిన వత్తులు తిరిగి పెట్టడం. ఆ పని ఆమెకన్నా బాగా చేసేవాళ్ళు లేరని అక్కడ అందరూ అంటారు. రాబోయే పుస్తకాల జాబితాలోంచి మాణిక్యం మెస్సును తీసేశారు. తీసేసిన సంగతి రసజ్ఞ చెప్పలేకపోయింది, నాగేశ్వరే చూసుకుంది. తెర మీద ఎవరిదో నవల తెరిచి ఉంది, ఆగిన చోటి నుంచి దిద్దుకుంటూ పోయింది.