రెండు వందల గొర్ల లెక్క

పెన్‌పహాడ్ బీరన్న ఎరువు లెక్క తప్పాలంటే ముందు పొద్దు పడమట పొడవాలి. గొర్రె తోక ఎత్తకముందే పెంటిక ఏ సాలులో పడుతుందో చెప్పేవాడు. చెప్పినచోట పడకపోతే ఆ గొర్రెకే సిగ్గయ్యేది. ఈ మాట నమ్మనివాడికి సూర్యాపేట అంగట్లో చాయ్ పోసేవాళ్లు కాదు!

తాడు లేదు, కాగితం లేదు. గట్టు మీద నిలబడి చేను చూసేవాడు. తన రెండు వందల గొర్లను చేలో మంద కడితే రాత్రికి ఐదు గుంటలకు ఎరువు. ఎకరమంటే నలభై గుంటలు. ఎనిమిది రాత్రులు, అంతే.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం సోమమ్మ వచ్చింది. మొగుడు పోయిన మనిషి. ఇద్దరు ఆడపిల్లలు, ఒకటే ఎకరం. నిరుడు ఎరువు లేక వరి జానెడు లేచి ఎర్రబడింది. మళ్లీ అట్లాగే అయితే ఇంట్లో పొయ్యి వెలగదు.

"చెరువు మట్టికి బండి దొరికింది బీరన్నా. తోలిచ్చుకోవాల్నా?"

"మట్టెందుకే సెల్లే! ఎనిమిది రాత్రులు నా మంద పెడ్త. నీ ఎకరం నల్లగైతది సూడు."

"నడుమల వానొస్తే?"

"నా లెక్క ఒడిసినంకనే మొగులు కురుస్తది, పో!"

ఆమె నవ్వింది. మట్టి బండిని పక్క చేను ఈదయ్య తోలుకుపోయాడు.

ఆ సాయంత్రం బీరన్న అలవాటు చొప్పున ఐదు గుంటల చుట్టూ తడికలు పాతి మందను తోలాడు. గొర్లు ఒక మూలకు ఒదిగాయి. మిగతా చోటంతా ఖాళీ.

అంతకు నెల కిందటే మందకు అమ్మతల్లి సోకి నూట అరవై గొర్లు పోయాయి. ఒక్కొక్కదాన్ని తన చేతులతోనే పూడ్చాడు. అయినా పొద్దున సోమమ్మ అడిగితే నోటికి పాత లెక్కే వచ్చింది.

సోమమ్మ తడికల్లోకి తొంగి చూసింది. "గిన్నేనా?"

"నలభై. రాత్రికి గుంట."

"పల్సగ అంతట పెట్టరాదు?"

"పల్సగైతే యాడా పనిచెయ్యది."

తొమ్మిదో నాడు వాన దిగింది, తడిసిన చేలో ఇక మంద పెట్టే వీల్లేకపోయింది. ఎనిమిది గుంటల్లో వరి నల్లగా లేచింది. ముప్పై రెండు గుంటల్లో ఎర్రబడింది. కోతలయ్యాక సోమమ్మ పెద్దపిల్లను నేరేడుచర్లలో ఒకరింట్లో తిండికి పనిలో పెట్టింది.

ఆ ఎనిమిది గుంటలను చూపించి ఊరివాళ్లు ఇప్పటికీ మిర్యాలగూడ దాకా గొప్పలు పోతారు: నలభై గొర్లు, ఎనిమిది రాత్రులు, ఎనిమిది గుంటలు, బీరన్న లెక్క ఏనాడు తప్పింది?

అది విన్నప్పుడల్లా బీరన్న చుట్ట ఆర్పి అంటాడు:

"తప్పింది. సచ్చినయి గూడ లెక్కేసిన."