ఉల్టా ముడి

ఇది మహాకావ్యానికి సరిపడే కథ. ఇందులో చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషి ఉన్నాడు, పట్టు వదలని భార్య ఉంది, లోకం విడిచిపోయిన తండ్రి ఉన్నాడు. ఇలా గంభీరంగా మొదలుపెట్టాలని చాలా రోజులు అనుకున్నాను. తీరా రాయడానికి కూర్చుంటే తేలిందేమిటంటే, ఉన్నదల్లా ఒక అద్దం, జానెడు దారం, పదిహేను నిమిషాల ఎక్సర్‌సైజు. మహాకావ్యం కోసం వచ్చినవాళ్లు మన్నించాలి.

నేను దయ్యాలను నమ్మను. మందమర్రిలో గని కార్మికుల క్వార్టర్లలో పెరిగాను. మా వీధిలో ఇంటికొక దయ్యం కథ ఉండేది. మా బాపు, అంటే నాన్న, ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలోకి దిగి ఎక్కాడు. కింద దయ్యాలున్నాయా అని అడిగితే, "మా సూపర్‌వైజర్ ముంగట దయ్యమెంత బిడ్డా" అనేవాడు. నా శాస్త్రీయ దృక్పథానికి పునాది అదే.

ఇప్పుడు కరీంనగర్‌లో ఒక చిన్న క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం వచ్చినవాళ్ల కాళ్లకూ చేతులకూ మళ్లీ పని నేర్పుతాను. మా చుట్టాలు దీన్ని మాలిష్ అంటారు. సరిదిద్దడం మానేశాను.

రాజేశం గారు సిరిసిల్ల నుంచి వచ్చేవారు. యాభై రెండేళ్లు. మరమగ్గాల మీద పని. అక్కడ వాటిని సాంచాలంటారు. ఎనిమిది సాంచాలు ఒక్కరే చూసుకునేవారు. స్ట్రోక్ తర్వాత కాలు తొందరగానే దారికొచ్చింది. మాట కాస్త ముద్దగా వచ్చేది. కుడిచేయి మాత్రం రాలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఎవరో అప్పగించి వెళ్లిన సామానుకు కాపలా ఉన్నట్టుండేది.

ఆయన భార్య పద్మ వారానికి మూడు రోజులు బస్సులో తీసుకొచ్చేది. మొదటిరోజే అడిగింది: "సారూ, మా ఆయన ముడి ఏస్తడా?"

అందరూ నడుస్తాడా, తన చేత్తో తింటాడా అని అడుగుతారు. ముడి గురించి అడిగింది ఈమె ఒక్కతే. సాంచ నడుస్తుంటే పోగులు తెగుతూనే ఉంటాయట. తెగిన పోగును అప్పటికప్పుడు ముడేసి అతకాలి. ముడి వేయలేని మనిషికి సాంచాల దగ్గర పనిలేదు. యజమాని నెలాఖరు దాకా చూస్తానన్నాడు. ఆలోపు చేయి రాకపోతే ఆ ఎనిమిదీ ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

"చూద్దామమ్మా" అన్నాను. మా వృత్తిలో ఈ మాటకు అర్థం, నాకూ తెలియదు అని.

మూడు వారాలు గడిచాయి. మార్పు లేదు. అద్దం బయటికి తీశాను.

ఇదేమీ మంత్రం కాదు. బల్ల మీద రెండు చేతుల మధ్య ఒక అద్దం నిలబెడతాం. పనిచేయని చేయి అద్దం వెనక దాక్కుంటుంది. మనిషి అద్దంలోకి చూస్తూ మంచి చేతిని కదిలిస్తాడు. చూసేవాడికి అవతలి చేయే కదిలినట్టు ఉంటుంది. మెదడు కాస్త మోసపోతుంది. ఒక్కోసారి ఆ మోసం పనికొస్తుంది.

నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుంది. ఉదయం పదకొండు కావస్తోంది. గ్లాసు ఎత్తడం, పిడికిలి మూయడం చేయించి నాకే విసుగొచ్చి, ఆరోజు దారపు ఉండ తెప్పించాను. ఆ ఆలోచనకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

"ఎడమచేత్తో ముడి వేస్తున్నట్టు చేయండి. అద్దంలో చూడండి" అన్నాను.

రాజేశం గారు నా వంక జాలిగా చూశారు. "గా చేతికి ముడేసుడు తెల్వది సారు. అది పోగులు పట్టుకుంటది, గంతే. ఏసేది కుడిచెయ్యి."

పద్మ వెనక బెంచీ మీద నుంచి అందుకుంది. "గీ సారుకు గుండీ కుట్టుకునుడు సుత రాదు కావచ్చు."

రాదు. ఆ మాట ఒప్పుకోకుండా, "సరే, పట్టుకునే ఉండండి" అన్నాను. రెండు పోగులు తుంచి, కొసలు కలిపి ఎడమచేతి వేళ్ల మధ్య పెట్టాను. స్పర్శ ఒకేలా ఉండాలని అద్దం వెనక కుడిచేతి వేళ్ల మధ్య కూడా అలాగే ఇంకో రెండు పోగులు పెట్టాను. నేనే తుంచాను, నేనే పెట్టాను. వాటికి ముడి లేదు. ఇది నాకు ఖాయంగా గుర్తుంది.

ఆయన అద్దంలోకి చూస్తున్నారు. పక్కన కూర్చుని నేనూ చూస్తున్నాను.

అద్దంలోని చేయి కదిలింది. బొటనవేలు ఒక పోగును తిప్పింది, కొసను సందులోకి దూర్చింది, గోటితో నొక్కి లాగింది. రెండు సెకన్లు కూడా పట్టలేదు. వెంటనే ఎడమచేతిని చూశాను. పెట్టినచోటే, పెట్టినట్టే, పోగులు పట్టుకుని ఉంది.

అలాంటి సమయంలో మనిషి ఏంచేస్తాడో నాకు తెలిసింది. టైమర్ చూసుకుంటాడు. ఇంకా ఆరు నిమిషాలుంది.

"సారూ, అద్దంల..." అని పద్మ లేచి నిలబడింది.

అద్దం తీసేశాను. కుడిచేయి ఎప్పటిలాగే వాలిపోయి ఉంది. వేళ్ల మధ్య పోగులు రెండూ ఒకటై ఉన్నాయి.

పద్మ దాన్ని తీసుకుని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూసింది. జీవితమంతా ఆ ముడులు చూసిన మనిషి. "ముడి మంచిగనే వడ్డది" అంది. "గానీ ఉల్టా ఉన్నది."

రాజేశం గారు దాన్ని ఎడమ అరచేతిలో పెట్టించుకుని చాలాసేపు చూశారు.

"బాపుది" అన్నారు.

ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పారు. "ఎడమచేతి మనిషాయె. నన్ను ముంగట కూసోవెట్టుకొని నేర్పిండు. ఆయనది ఉల్టా, నాది సీదా. అద్దంల చూసుకున్నట్టు."

"ఆయన పోయి ఎన్నేళ్లయింది?" అని అడిగాను.

"నువ్వు పుట్టకముందే సారు."

మిగిలిన ఆరు నిమిషాలు చేయించలేదు. నా ఉద్యోగంలో సెషన్ మధ్యలో ఆపింది ఆ ఒక్కసారే.

కారణాలు వెతకకుండా ఉండలేదు. పడిపోయిన చేయి తనంతట తాను ఒక్కోసారి ముడుచుకుంటుంది, నిజమే. ముడుచుకుంటుంది కానీ ముడి వేయదు. పద్మ అద్దానికి ఆరడుగుల దూరంలో, చేతిలో టిఫిన్ డబ్బాతో ఉంది. క్లినిక్‌లో మా సీనియర్‌కు చెబితే మొత్తం విని, "పొద్దున ఏమన్నా తిన్నవా?" అని అడిగారు. తిన్నాను. ఉప్మా.

ఆరోజు కేస్ షీటులో, కుడిచేయి: కదలిక లేదు, అని రాశాను. అది నిజమో అబద్ధమో ఈరోజుకీ చెప్పలేను.

నెలాఖరు వచ్చింది, చేయి రాలేదు. ఎనిమిది సాంచాలూ వేరేవాళ్లకు వెళ్లిపోయాయి. ఆ తర్వాత పది రోజులకు బొటనవేలు కొంచెం కదిలింది. ఇప్పుడు గ్లాసు పట్టుకుంటారు, నీళ్లు సగమే పోయాలి. ముడి మాత్రం ఇంతవరకు పడలేదు.

మొన్న సిరిసిల్ల వెళ్లినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. పద్మ ఇంట్లోనే కండెలకు దారం చుడుతోంది. ఆయన పక్కన కూర్చుని ఉన్నారు. దారం తెగింది. ఆయన ఎడమచేత్తో కొసలు రెండూ కలిపి పట్టుకున్నారు, ఆమె కుడిచేత్తో ముడి వేసింది.

అది సీదా ముడే. అడిగి తెలుసుకున్నాను.

ఆనాటి దారం నా సొరుగులో ఒక కవరులో ఉంది. అద్దాన్ని ఇంకా వాడుతున్నాం. అది గాజు కాదు, ప్లాస్టిక్. గరుకు గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, మెత్తటి గుడ్డే వాడాలి.