రేగడి దావలో పుట్టింటి చీర

యాభై దాటిన మనిషికి మోకాళ్ల నొప్పులు రావాలి, లేకపోతే భక్తి రావాలి. నాకు సైకిల్ పిచ్చి వచ్చింది. నంద్యాలలో మాకు స్టీలు సామాన్ల అంగడి ఉంది. మధ్యాహ్నం బేరాలు లేని వేళ గల్లాపెట్టె ముందు కూర్చుని ఫోన్లో వీడియోలు చూసేవాణ్ణి. ఎక్కడో పరాయి దేశంలో పెద్ద సరస్సు, దాని ఒడ్డున ద్రాక్షతోటలు, వెనక కొండలు. ఆ మధ్యన కంకర దారిలో సన్నటి మనుషులు సైకిళ్ల మీద పోతుంటారు. ఒక్కడికీ చెమట పట్టదు. చూసి చూసి, మనకేం తక్కువ అనిపించింది. సరస్సు లేకపోతే కేసీ కాలువ ఉంది. ద్రాక్ష లేకపోతే అరటి ఉంది. కొండలంటారా, తూర్పున నల్లమల గోడ కట్టినట్టే ఉంది. లేనిదల్లా సన్నటి మనిషే.

హైదరాబాదు నుంచి సైకిల్ తెప్పించాను. లావు టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు. ఏ నేల మీదైనా పోతుందని అమ్మినవాడు ఒకసారి చెప్పాడు, అంగడికి వచ్చిన ప్రతివాడికీ నేను చెప్పాను. కుక్కర్ గాస్కెట్ కోసం వచ్చినవాళ్లు కూడా టైర్ల గురించి విని పోయారు. నా ఆవిడ టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఆ తర్వాత నేను వేసుకున్న బిగుతు నిక్కరు చూసి, "వీధి దాటేదాకా టవలన్నా చుట్టుకోండి, నలుగురు చూస్తాండారు" అంది.

శ్రావణంలో అక్క గృహప్రవేశం వచ్చింది. అక్కను ఇచ్చింది ఆళ్లగడ్డలో. మా వైపు కొత్తింట్లో కాలు పెట్టేటప్పుడు ఇల్లాలు పుట్టింటి చీరే కట్టుకోవాలి. ఆ చీర తోబుట్టువు తీసుకొచ్చి చేతికివ్వాలి. అక్కకు తోబుట్టువంటే నేనొక్కణ్ణే.

దీని వెనక ఒక పాత కథ ఉంది. అక్క కొడుకు పుట్టువెంట్రుకలకు మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలని నా కోసం చూశారు. మా బస్సు దారిలో చెడిపోయింది. మేము చేరేసరికి పిల్లాడి గుండు మీద గంధం కూడా ఆరిపోయింది. అప్పటినుంచి అక్క అత్తకు ఒక మాట దొరికింది. "మీ పుట్టింటోళ్లు ఆకులెత్తేటప్పటికి వస్తార్లే" అని, పండగకొకసారి, పబ్బానికొకసారి. ఆ పిల్లాడికి ఇప్పుడు మీసాలొచ్చాయి, ఆమె మాట మాత్రం మారలేదు. అందుకే అక్క ముందురోజు ఫోన్ చేసింది. "రేయ్, ఈసారన్నా ముందు రా. ఆమె నోరు ఒక్కసారి మూయించల్ల నేను."

"ముహూర్తానికి ముందే ఉంటా చూడు" అన్నాను. సైకిల్ మీద వస్తున్నానని మాత్రం చెప్పలేదు.

ఇంట్లోవాళ్లు కారులో బయలుదేరారు. చీర సంచీ కారులో పెట్టమని నా ఆవిడ చెయ్యి చాపింది. "పుట్టింటి చీర తమ్ముడే మోసకపోవాల. ఆచారం" అన్నాను. ఆచారాల మీద నాకు అంత గౌరవం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. వీధి వీధంతా బయట నిలబడి ఉండగా, నల్లమల వైపు నుంచి సైకిల్ మీద దిగి, చీర తీసి అక్క చేతిలో పెడుతుంటే ఎవరైనా ఫోటో తీస్తారని నా ఆశ. చీరను పాలిథిన్ కవర్లో చుట్టి, హ్యాండిలుకు కట్టిన సంచీలో పెట్టి తెల్లవారకముందే బయలుదేరాను.

కాలువ గట్టు మీద కంకర టైర్ల కింద కరకరలాడుతోంది. ఒక పక్క నీళ్లు, ఒక పక్క అరటి ఆకుల మీద సన్నటి తుంపర. దూరంగా కొండల మీద మబ్బు కూర్చుంది. ఇంత బాగుండే దారిని ఇన్నేళ్లు బస్సు కిటికీలోంచి కూడా చూడలేదే అనిపించింది. నిజంగా సంతోషంగా ఉంది. ఆ సంతోషంలో వీడియోలో మనిషిలాగా ఒక చెయ్యి వదిలి కూడా తొక్కాను.

కొంత దూరం పోయాక గట్టు తెగ్గొట్టి ఉంది. ఏదో తూము పని చేస్తున్నారు. వెనక్కి తిరిగి హైవే ఎక్కితే సరిపోయేది, ముహూర్తానికి ఇంకా చాలా పొద్దుంది. కానీ కుడి పక్కన చేల మధ్య నుంచి అడ్డదారి కనిపించింది. నల్లరేగడి, పైగా తుంపర పడుతోంది. నంద్యాలలో పుట్టినవాడికి తడిసిన రేగడి సంగతి ఒకరు చెప్పాలా? చిన్నప్పుడు ఎన్ని చెప్పులు దానికి సమర్పించుకున్నామో. కానీ ఈ టైరు ఏ నేల మీదైనా పోతుందని ఊరందరికీ చెప్పి చెప్పి, చివరికి ఆ మాట నేనే నమ్మాను.

ఇరవై బారలు పోయి ఉంటాను. చక్రానికి మట్టి అంటుకుంది, మట్టికి మట్టి అంటుకుంది, రెండు చక్రాలూ తిరగలి రాళ్లంత అయ్యాయి. దిగి తోస్తే కదల్లేదు. పుల్లతో గీకితే ఆ పుల్లే ఇరుక్కుపోయింది. సైకిల్ నన్ను మోయాల్సింది పోయి నేను సైకిల్‌ను భుజాన వేసుకున్నాను. అడుగు తీస్తే బూటు ఉండిపోతోంది, బూటు పీకితే నేను పడుతున్నాను. సంచీని మాత్రం విప్పి ఎత్తి పట్టుకున్నాను.

నా ఆవిడ ఫోన్ చేసింది. "యాడుండారు?"

"దగ్గర్లోనే. రోడ్డు కనపడ్తాంది." నాకు కనపడుతున్నది పత్తి చేను.

"అయ్యగారు వచ్చినాడు. వదిన పాత చీరతోనే వాకిట్లో నిలబడుకోనుంది. వాళ్లత్త అప్పుడే మొదలుపెట్టింది."

ఏం మొదలుపెట్టిందో చెప్పనవసరం లేదు. అక్క ఒక్కసారి అడిగింది, ఒక్కటే అడిగింది. ఇంతకాలం బస్సు మీద నెట్టుకుంటూ వచ్చాం. ఈసారి ఏ బస్సూ చెడిపోలేదు, చెడింది నా బుద్ధే. ఊరంతా చెప్పుకున్న సైకిల్‌ను తుమ్మచెట్టు కింద పడేశాను. బూట్లు దాని పక్కనే వదిలేశాను. సంచీ నెత్తిన పెట్టుకుని, పడుతూ లేస్తూ హైవే వైపు నడిచాను.

మోకాళ్ల దాకా రేగడి, ఒంటికి అంటుకున్న నిక్కరు, నెత్తిన సంచీ. నన్ను చూసి ఆటోలు ఆగలేదు సరిగదా, వేగం పెంచాయి. చివరికి ఒక బస్సు ఆగింది. కండక్టరు కిందికీ పైకీ చూసి, "ఏమప్పా, చేపలు పట్టేకి పోయింటివా?" అని, మెట్టు మీద పేపరు పరిచి అక్కడ కూర్చోమన్నాడు. ఆళ్లగడ్డ దాకా ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు నన్ను దాటుకుంటూ పోయారు. ఏ ఆడమనిషీ నా వైపు చూడలేదు.

వీధి మలుపు తిరిగేసరికి అందరూ బయటే ఉన్నారు. ఆవు ఉంది, దూడ ఉంది, మేళగాళ్లున్నారు. అయ్యగారు ఫోన్లో టైము చూసుకుంటున్నాడు. "ముహూర్తం దాటిపోతాందమ్మా, ఉన్న చీరతోనే కాలు పెట్టు" అంటోంది అత్త. అక్క గడప ముందు నిలబడి ఉంది. "నా తమ్ముడు రానీ అత్తా. వాడు రాకుండా నేను పెట్టను" అంటోంది. అప్పుడు అందరూ నన్ను చూశారు. మేళం ఆగిపోయింది. ఫోటో తీసేవాడు ఉన్నాడు, తీశాడు కూడా.

నా చేతులు చూసుకుని కవరు తాకడానికి భయమేసింది. అక్కే వచ్చి సంచీలోంచి కవరు లాగి విప్పింది. చీర మీద ఒక్క చుక్క కూడా లేదు. పక్కింట్లోకి పోయి కట్టుకొచ్చింది. మేళం మళ్లీ మొదలైంది. అయ్యగారు సగం మంత్రాలు మింగినట్టున్నాడు, ముహూర్తం మాత్రం దాటలేదు. అందరూ లోపలికి పోయారు.

నేను డ్రమ్ములోని నీళ్లు పోసుకుని కాళ్లు కడుక్కున్నాను. రేగడి అంత సులభంగా వదలదు. లోపల బావ ముచ్చటపడి వేయించిన తెల్లటి టైల్స్ మెరుస్తున్నాయి. దాంతో నేను వాకిట్లోనే ఉండిపోయాను. పని అయిపోయి బయటికొచ్చిన ఆవు కూడా నా పక్కనే నిలబడింది.

పాలు పొంగాయి. కాసేపటికి అక్క గడప దగ్గరికి వచ్చి చూసింది.

"ఏందిరా ఆడ నిలబడుకున్నావ్? లోపలికి రా."

"కాళ్లు చూడక్కా. కొత్త టైల్సంతా మట్టయితాది."

అక్క వెనక్కి తిరిగి, అత్తకు వినపడేలా గట్టిగానే అంది.

"కానీలేరా. పుట్టింటి మట్టే కదా, పడనీ."

వాకిలి నుంచి వంటింటి దాకా నల్లటి అడుగులు పడ్డాయి. అత్త వాటిని చూసింది, నన్ను చూసింది, ఆ అడుగులు తొక్కకుండా పక్కకు జరిగి నాకు ఆకు వేసింది.