భిలాయి చీకటి గదిలో రెండు ఫోటోలు

నేను భిలాయి వెళ్ళింది ఊరు చూడడానికి కాదు. నా మాట చెల్లక వెళ్ళాను. నేను బోధకుణ్ణిగా ఉన్న విజయనగరం ప్రార్థన కూటంలో సన్యాసమ్మ అనే పెద్దామె ఉండేది. ఆమె కొడుకు దానియేలు భిలాయి ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసేవాడు, నెలనెలా తన చేత్తో తల్లికి ఉత్తరం రాసేవాడు. ఆ వేసవిలో ఉత్తరం కోడలి చేతిరాతతో వచ్చింది. వేడి ఇనుము చిమ్మి కళ్ళకు దెబ్బ తగిలిందనీ, కట్టు కట్టారనీ, ప్రాణభయం లేదనీ. సన్యాసమ్మ నమ్మలేదు. కొడుకు పోయాడు, అందరూ కలిసి దాస్తున్నారు అని పట్టుబట్టి, అన్నం మానేసి రోజుకో గ్లాసు గంజి మీద ఉండిపోయింది. నేను వెళ్ళి చూసొచ్చి చెబుతానన్నాను. "మీరా అయ్యగారూ? మా ఆయన ఆస్పత్రిలో పోయిననాడు దారంతా బాగున్నాడని సెప్పినారు. మీ మాట నాకొద్దు. ఫోటో తెండి," అంది. అబద్ధికులకు అగ్ని తప్పదని బల్ల గుద్ది బోధించేవాణ్ణి. ఆ రోజు ఆ అబద్ధం ఆడింది నేనే. ఆమె ముఖం చూడలేక తల తిప్పుకుంటే గోడ మీద ఆమె భర్త ఫోటో కనబడింది. పోయాక కుర్చీలో కూర్చోబెట్టి తీయించింది. మూసిన కళ్ళ మీద స్టూడియో అతను తెరిచిన కళ్ళు గీసి ఇచ్చాడు. ఆయనకున్న ఒక్క ఫోటో అదే.

విజయనగరంలో మధ్యాహ్నం రాయపూర్ పాసింజరు ఎక్కితే పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా మర్నాడు ఉదయానికి రాయపూర్ చేరుస్తుంది. మూడో తరగతిలో కిటికీ దగ్గర చోటు కావాలంటే గంట ముందే ప్లాట్‌ఫారం మీద ఉండాలి. రాయపూర్‌లో దుర్గ్ వైపు వెళ్ళే బండి మారి, గంట ప్రయాణం తరవాత పవర్ హౌస్ స్టేషన్‌లో దిగాలి. అక్కణ్ణించి దానియేలు ఉండే సెక్టర్ 7కి రిక్షా అర్ధరూపాయి. నా సంచిలో పరిశుద్ధ గ్రంథం, దాని పక్కన మడత కెమెరా. ఊరు విడిచి వెళుతూ ఒక దొర ఇచ్చిన కెమెరా అది. దానితో వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని నిఘంటువు పెట్టుకుని ఏడాదిపాటు చదివి నేర్చుకున్నాను. లోపల ఫిల్ములో మిగిలినవి రెండే ఫోటోలు. తక్కినవన్నీ బాప్తిస్మాల రోజు ఏటి ఒడ్డున అయిపోయాయి. బజారులో రిక్షా అతను తెరిచి ఉన్న ఫోటో దుకాణం చూపించి రీలు కొనుక్కోమన్నాడు. ఆదివారం ప్రభువు దినం, ఆ రోజు నేను ఏదీ కొననన్నాను. అతను వెనక్కి తిరిగి, "తో మేరా భాడా భీ కల్ దోగే, బాబా?" అన్నాడు. నా కిరాయి కూడా రేపే ఇస్తావా అని! కిరాయి ఇచ్చాను, రీలు మాత్రం కొనలేదు. ఆ పంతానికి మధ్యాహ్నం చెమటలు పట్టాయి.

క్వార్టర్ తలుపు దానియేలు భార్య మార్తమ్మ తీసింది. లోపల పట్టపగలే చీకటి. కిటికీలకు కంబళ్ళు కట్టింది. వెంటిలేటర్ ఒక్కటే మూయలేదు. దాని నుంచి వెలుగు పలచగా పడుతోంది. దానియేలు మంచం మీద కూర్చుని ఉన్నాడు, కళ్ళకు కట్టు.

"అమ్మ తింతందా అయ్యగారూ?" అన్నాడు ముందుగా.

నోటిదాకా వచ్చిన పాత అబద్ధాన్ని మింగేసి, "లేదు," అన్నాను.

ఫోటో కోసం వచ్చానని వినగానే మార్తమ్మ అడ్డం వచ్చి చెప్పింది. "మందెయ్యడానికి పన్నెండింటికి కట్టిప్పుతాం. అయిదు నిముషాలే. అప్పుడు ఎలుగు పడితే సూపు నిలవదన్నాడండి డాక్టరు. ఫ్లాషు గానీ కొట్టీగలరు!"

"కట్టుతోనే తియ్యండి," అన్నాడు దానియేలు.

"కట్టు సూస్తే మీయమ్మ ఇంకేటనుకుంటది? నువ్వు నోర్ముయ్," అంది మార్తమ్మ.

పన్నెండుకు అరగంట ఉంది. ఇలాంటి గదిలో ఫోటో తీయాలనుకునేవారు నేను చేసింది వినండి. కటకం రంధ్రాన్ని పూర్తిగా తెరిచి నాలుగున్నర అంకె మీద పెట్టాను. అంత తెరిస్తే వెలుగు బాగా వస్తుంది కానీ, మనిషి జానెడు ముందుకు వంగినా ముఖం మసకబారుతుంది. అందుకని దానియేలును గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టి, బట్టలారేసే తాడుతో కెమెరా నుంచి అతని ముక్కు దాకా కొలిచి, దూరాన్ని ఆరడుగుల గీత మీద పెట్టాను. ఆ వెలుగుకు అరసెకను కూడా చాలదు. 'బి' గుర్తు మీద పెడితే మీట నొక్కి ఉంచినంతసేపూ కెమెరా కన్ను తెరిచే ఉంటుంది. మూడు సెకన్లు కావాలని అంచనా వేశాను. మూడు సెకన్లు చేత్తో పట్టుకుంటే ఎవరి చెయ్యయినా వణుకుతుంది. స్టూలు మీద పిండి డబ్బా పెట్టాను, అది ఊగింది. డబ్బా తీసేసి నా గ్రంథం పెట్టి దాని మీద కెమెరా నిలబెట్టాను.

"గ్రంథం మీదా అయ్యగారూ!" అంది మార్తమ్మ.

"ఈ ఇంట్లో కదలనిది ఇదొక్కటే అమ్మా," అన్నాను.

పన్నెండు కొట్టింది. కట్టు విప్పింది. రెప్పలు వాచి ఉన్నాయి, అయినా తెరిచాడు. చీకట్లో ఆ రెండు కళ్ళూ నీళ్ళతో మెరిశాయి. "కదలకు," అని మీట నొక్కి, నాకు అలవాటైన కొలతతో సెకన్లు పైకి లెక్కపెట్టాను. "హల్లెలూయ... హల్లెలూయ... హల్లెలూయ!"

మూడోసారి అనేసరికి దానియేలు కుడిచెయ్యి పైకి లేచిపోయింది. "స్తోత్రం!" అన్నాడు.

మా కూటంలో నేను హల్లెలూయ అంటే అందరూ చెయ్యెత్తి స్తోత్రం అనాలి. ఇరవై ఏళ్ళుగా నేనే అలవాటు చేశాను. ఒక ఫోటో పాడైపోయింది. "మీ అమ్మ ప్రాణం ఈ కెమెరాలో ఉందిరా! చెయ్యెందుకు ఎత్తావు?" అని గర్జించాను.

"మీరంటే నానూరుకుంటానా అయ్యగారూ?" అన్నాడు. నవ్వబోతే కళ్ళు మండి ముఖం ముడుచుకున్నాడు.

"రెండు నిముషాలుంది," అంది మార్తమ్మ, కట్టుగుడ్డ చేతిలో నలుపుతూ. ఫిల్ము తిప్పాను. ఈసారి మనసులోనే లెక్కపెట్టాను. దానియేలు ఊపిరి బిగబట్టి రాయిలా కూర్చున్నాడు. మీట వదిలాను. ఆమె కట్టు కట్టేసింది. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది.

సాయంత్రం బండికే తిరుగు ప్రయాణం. విజయనగరం స్టూడియోలో కడిగిస్తే రెండూ పడ్డాయి. రెండోది అద్భుతం. కనుబొమ్మ వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. మొదటిదానిలో చెయ్యి ఒక తెల్లటి పొగ, నోరు రెండుగా సాగింది. సిగ్గేసి దాన్ని గ్రంథం పేజీల్లో దాచి, రెండోది సన్యాసమ్మ చేతిలో పెట్టాను. ఆమె చాలాసేపు చూసింది. లేచి వెళ్ళి గోడ మీద భర్త ఫోటో పక్కన ఆనించి పట్టుకుంది. అదే కుర్చీ భంగిమ, అదే బిగుసుకున్న మెడ, అవే తెరిచిన కళ్ళు.

"కళ్ళెవరు గీసినారు అయ్యగారూ?" అంది.

నా మాట ఆమె దగ్గర చెల్లదని తెలుసు. గ్రంథం తెరిచి, దాచిన ఫోటో ఇచ్చాను. ఆమె దాన్ని వాకిట్లో వెలుగులోకి తీసుకెళ్ళింది. పొగలాంటి ఆ చెయ్యి మీద వేలు పెట్టింది.

"ఇదేటి?"

"నేను హల్లెలూయ అన్నాను. వాడు చెయ్యెత్తాడు."

"కదిలినాడా?"

"కదిలాడమ్మా. నేను తిట్టాను కూడా."

"నా కొడుకుని తిట్టినారా?" అంది కోపంగా. ఆ ఫోటోను గుండెకు అదుముకుని గుమ్మంలో కూలబడింది. అక్కణ్ణించే లోపలివాళ్ళను కేకేసింది. "ఓలమ్మా, అన్నముందేటి? ఎట్టండి."

అంకెలన్నీ సరిగ్గా పెట్టి తీసిన ఫోటో ఆమెకు పనికిరాలేదు. నేను తప్పని దాచింది ఆమె చేత అన్నం తినిపించింది. ఆ రోజునుంచి వేదిక మీద నా గొంతు కొంచెం తగ్గిందని మా కూటంవాళ్ళు అంటారు, నిజమే కావచ్చు. ఇక మీకు ఒక్క సలహా. వెలుగు తక్కువున్న ఇంట్లో అయినవాళ్ళ ఫోటో తీయడానికి వెళ్ళేటప్పుడు, శనివారమే కొత్త ఫిల్ము కొని సంచిలో పెట్టుకోండి. కెమెరాను కదలని దాని మీద నిలబెట్టండి. సెకన్లు మాత్రం కనీసం ఒక ఫోటోకి పైకే లెక్కపెట్టండి, వాళ్ళు ఊరుకోలేని మాటతో.