ఇసుకలో తెడ్డేసిన జాతర

చేపలు పట్టే ఇంట పుట్టాను గానీ ఆ సంగతి నా కడుపుకు తెలియదు. పడవ రెండు అలలు దాటిందంటే చాలు, పొద్దున తాగిన గంజి సముద్రానికి అప్పజెప్పేవాణ్ణి. అయిదో తరగతిలో బడి నన్ను వదిలించుకుంది. సముద్రం అంతకంటే ముందే వదిలించుకుంది. అందుకని సైకిలు మీద తట్ట కట్టుకుని అల్లూరు వీధుల్లో చేపలమ్మేవాణ్ణి.

మా మేనమామ ఊరికి పెద్ద. ఆయన కూతురి మీద నాకు మనసు. ఎప్పుడడిగినా ఆయనది ఒకటే మాట: "అలల మీద నువ్వు తెడ్డేస్తా ఉంటే నేను కళ్ళారా చూడాల. ఆ పొద్దు పిల్లనిస్తా."

అరవైల మొదట్లో మా గంగమ్మ జాతరను సినిమా తీస్తామని మద్రాసు నుంచి జీపులో ముగ్గురు దిగారు. కథా సినిమా కాదట, మా పూజలూ మొక్కులూ ఉన్నవి ఉన్నట్టు తీసే డాక్యుమెంటరీ అట. ఉన్నది ఉన్నట్టే అంటూనే, వెలుతురు చాల్లేదు, పొంగళ్ళు మళ్ళీ పొంగించమన్నారు. "అమ్మోరు ఒక్కసారే తింటది నాయనా" అని ఆడవాళ్ళు నవ్వేశారు.

తర్వాత, అలల మీద పోయే పడవ కావాలన్నారు. మామ ఒప్పుకోలేదు.

"జాతర నాడు సముద్రం అమ్మోరిది సార్. తెడ్డు దాన్ని తాకగూడదు."

కెమెరా ఆయన మొహం వాడిపోయింది. నాకు మాత్రం బుర్ర వెలిగింది.

"తాకకుండా ఏస్తే తప్పులేదు గదా మావా?"

మామ "ఇసకకైతే నియమం లేదులేరా" అన్నాడు.

ఒడ్డున ఉన్న పడవెక్కాను. నలుగురు దాన్ని పక్కనుంచి పట్టి ఊపారు. ఇంకొకడు బిందెడు బావినీళ్ళు నా మొహాన కొట్టాడు. కెమెరా ఆయన ఇసుకలో పడుకుని, నన్నూ ఆకాశాన్నీ తప్ప ఇంకేమీ కనపడకుండా తీశాడు. ఆ ఊపుకే నాకు కడుపులో తిప్పింది. పళ్ళు బిగబట్టి గాలిలో తెడ్డేశాను.

మరుసటేడు సర్కారు సినిమా బండి వచ్చి, ఊళ్ళో తెల్లగుడ్డ కట్టి ఆ బొమ్మ వేసింది. తెరమీద గంగమ్మ కనపడగానే ముసలమ్మలు లేచి దండాలు పెట్టారు. ఒకామె కర్పూరం వెలిగించబోతే, తెర అంటుకుంటుందని బండివాడు పరుగెత్తుకొచ్చాడు. అంతలో నేను వచ్చాను. నా బిగబట్టిన పళ్ళు అక్కడ మహా పౌరుషంగా ఉన్నాయి. "అమ్మ దీవెనతో కడలిని గెలిచే వీరుడు!" అని ఎవరిదో గొంతు గంభీరంగా పలికింది. ఊరంతా పడీపడీ నవ్వింది.

నేను మాత్రం నవ్వకుండా మామ పక్కకు జరిగాను.

"కళ్ళారా చూసినావు గదా మావా. ఇంక పిల్లనియ్యి."

తెరమీంచి చూపు తిప్పకుండానే మామ అన్నాడు: "ఇస్తాలేరా. రేపు దాని ఫోటో తీయిస్తా, దానికి తాళి కట్టుకో."